టెక్ సందేహాలు: చలిమంట చుట్టూ ఆడే పాటలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: జనవరిలో మా కార్యాలయం నుంచి నలభై మందిమి అరకు వెళ్తున్నాం. రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర అందరూ కలిసి ఆడేందుకు పాటల జాబితా తయారు చేసే పని నాకు అప్పగించారు. పోయిన ఏడాది అన్నీ పెద్ద హిట్ పాటలే పెట్టినా కాసేపటికే సగం మంది వెళ్లి కూర్చున్నారు. మాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారూ, పదవీ విరమణకు దగ్గరైనవారూ ఉన్నారు. ఏ యాప్ వాడితే మంచి జాబితా వస్తుంది? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: యాప్ సంగతి తరువాత చెబుతాను, ముందు చూడవలసింది పాట లయ. సినిమాల్లో హిట్టయిన నృత్య గీతాల్లో చాలా వాటిని శిక్షణ పొందిన నర్తకులు కెమెరాకు ఎదురుగా ఆడేందుకు వీలుగా కడతారు కాబట్టి వాటిలో దరువు మధ్యలో ఆగుతుంది, వేగం మారుతుంది, ఉన్నట్టుండి ఆలాపన వస్తుంది. చేతులు పట్టుకుని మంట చుట్టూ తిరిగేవారికి ఇది ఇబ్బంది. ఒకరి అడుగు తప్పితే పక్కవారి చెయ్యి లాగుతుంది, ఆ తడబాటు వలయమంతా పాకుతుంది. రెండు మూడు సార్లు అలా జరిగాక, ఆట రాదనుకునేవారు మొహమాటంతో పక్కకు తప్పుకుంటారు. పోయిన ఏడాది మీ దగ్గర జరిగింది బహుశా ఇదే.

మీరు వెళ్తున్న అరకులోనే దీనికి మంచి నమూనా ఉంది. అక్కడి గిరిజనుల నృత్యమైన ధింసా ఆడే మహిళలు ఒకరి వీపు వెనుక నుంచి మరొకరు చేతులు పెనవేసుకుని, డప్పు, తుడుము, మోరి వాద్యాలకు అనుగుణంగా వరుసగా కదులుతారు. అడుగు చిన్నది, దరువు నిలకడైనది. కోలాటం నెమ్మదిగా మొదలై, అందరి చేతులూ కుదిరాకే వేగం అందుకుంటుంది. బతుకమ్మ ఆటలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు వంత పాడతారు, తాళానికి చప్పట్లే చాలు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడే ఈ ఆటలన్నింటిలోనూ దరువు స్పష్టంగా ఉంటుంది, పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, కొత్తగా కలిసినవారు ఒక చుట్టు తిరిగేసరికి అడుగు పట్టుకోగలుగుతారు. మీ జాబితాలోకి వచ్చే ప్రతి పాటనూ ఈ లక్షణాలతోనే పరీక్షించండి. పాట పెట్టి, చప్పట్లు కొడుతూ గదిలో పక్కకు అడుగులు వేసి చూడండి. రెండు నిమిషాల్లో ఎక్కడైనా మీ కాలు తడబడితే ఆ పాట ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టండి.

ఇక వేగం. సంగీత సాఫ్ట్‌వేర్లు దీన్ని బీపీఎం అనే కొలతలో, అంటే నిమిషానికి ఎన్ని దరువులు పడుతున్నాయన్న లెక్కలో చూపిస్తాయి. మామూలుగా నడిచేటప్పుడు మనం నిమిషానికి 100 నుంచి 120 వరకు అడుగులు వేస్తాం కనుక ఆ పరిధిలోని పాటలకు ఎవరైనా శ్రమ లేకుండా కదలగలరు. మొదటి మూడు నాలుగు పాటలను 90 నుంచి 100 మధ్య, తరువాతి వాటిని 110 నుంచి 120 మధ్య ఉంచండి. 130 దాటినవి గంట మొత్తంలో రెండో మూడో చాలు, వాటి వెంటనే ఒక నిదానమైన పాట రావాలి. గంటసేపు ఆటకు పదిహేను పాటలు సరిపోతాయి.

పాటల ఫైళ్లు మీ దగ్గరే ఉంటే, విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో ఉచితంగా లభించే మిక్స్ (Mixxx) అనే డీజే సాఫ్ట్‌వేర్ వాటన్నింటినీ విశ్లేషించి బీపీఎం వివరాలను పట్టికలో చూపిస్తుంది. ఆ అంకెను అలాగే నమ్మవద్దు. మన జానపద బాణీల్లో తిశ్రగతి ఎక్కువ. అడుగు పడే దరువులో మూడు చిన్న దెబ్బలు ఇమిడి ఉండడం వల్ల సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి వాటిని రెండేసి చొప్పున ఒక దరువుగా లెక్కపెట్టి, నిమిషానికి 100 చప్పట్లు పడే పాటకు 150 అని చూపిస్తుంది. మరికొన్నిసార్లు రెట్టింపో సగమో చూపిస్తుంది. అందుకే 15 సెకన్లలో మీ చేతికి ఎన్ని చప్పట్లు వచ్చాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి, రెండు అంకెలూ కలవకపోతే మీ చేతి లెక్కనే తీసుకోండి. మిక్స్‌లో పాట మీద రైట్ క్లిక్ చేస్తే బీపీఎంను సగానికి, మూడింట రెండు వంతులకు సవరించే వీలుంది. స్ట్రీమింగ్ యాప్‌లలోని పాటలను ఈ సాఫ్ట్‌వేర్ చదవలేదు కాబట్టి వాటికి చప్పట్ల లెక్కే సులువైన మార్గం, పదిహేను పాటలకు అది పెద్ద పనేమీ కాదు.

స్పాటిఫైలో ఒక పాట చివర మరొక పాట మొదలును కలిపే క్రాస్‌ఫేడ్ సదుపాయాన్ని 12 సెకన్ల వరకు పెంచుకోవచ్చు. పార్టీల కోసం దాన్ని పూర్తిగా పెంచమని చాలామంది సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. వేర్వేరు లయలున్న రెండు పాటలు అంతసేపు ఒకదానిపై ఒకటి వినిపిస్తే ఏ దరువుకు అడుగు వేయాలో ఎవరికీ తెలియదు. రెండు మూడు సెకన్లు చాలు. పాత పాటలు మెల్లగా, కొత్తవి గట్టిగా వినిపించే తేడాను తగ్గించేందుకు అదే సెట్టింగ్స్‌లో ఉన్న వాల్యూమ్ నార్మలైజేషన్‌ను ఆన్ చేయండి. ఆరంభంలో సంభాషణో, సుదీర్ఘమైన ఆలాపనో ఉన్న పాట ఫైలు రూపంలో ఉంటే, ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఆ భాగాన్ని కత్తిరించి వేరే పేరుతో భద్రపరచుకోండి.

వయసుల తేడాకు పరిష్కారం కూడా సులువే. అందరూ పాటలు చేర్చగలిగే ఉమ్మడి ప్లేలిస్ట్ తెరిచి, తలా రెండు పాటలు చేర్చమనండి. ఎంపిక, వరుస మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. ఆట నడుస్తుండగా ఎవరికి తోచిన పాట వారు వరుసలోకి నెడితే మీరు కుదిర్చిన వేగమంతా చెదిరిపోతుంది.

ప్రశ్న: స్నేహితులతో మారేడుమిల్లి వెళ్తున్నాను. అక్కడ సిగ్నల్ అందదని చెబుతున్నారు. డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు తప్పకుండా మోగుతాయా? (ఖమ్మం విద్యార్థి)

జవాబు: మోగుతాయి, కానీ ఇంట్లోనే పరీక్షించుకోవాలి. డౌన్‌లోడ్ సదుపాయం ఉన్న స్పాటిఫై ప్రీమియం ప్లాన్‌లో ఒక్కో పరికరంలో 10,000 పాటల చొప్పున 5 పరికరాల వరకు దాచుకోవచ్చు, అయితే 30 రోజుల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్‌కు కలపాలి. యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియంలోనూ ఈ 30 రోజుల నియమం ఉంది. బయలుదేరే ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్‌ను మాత్రం విడిగా ఆన్ చేసి, ప్రతి పాటనూ కాసేపు వినండి. అక్కడ కూడా ఫోన్‌ను అలాగే ఉంచితే ఆట మధ్యలో కాల్ వచ్చి పాట ఆగిపోదు. అదే జాబితాను మరొక స్నేహితుడి ఫోన్‌లోనూ ఉంచండి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం కనుక మంటకైనా, స్పీకరుకైనా బస నిర్వాహకుల అనుమతి ముందే తీసుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో తెల్లవారుజామున భోగి మంట వేసి దాని చుట్టూ ఆడాలనుకుంటున్నాం. రెండు బ్లూటూత్ స్పీకర్లు ఉన్నాయి, రెండూ వేర్వేరు కంపెనీలవి. ఎక్కడ పెట్టాలి? ఐపీ67 రకం కాబట్టి మంట దగ్గర పెట్టవచ్చా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: పెట్టకూడదు. ఐపీ67 అన్నది దుమ్ము, నీటి నుంచి రక్షణను తెలిపే గుర్తు మాత్రమే, వేడితో దానికి సంబంధం లేదు. లోపల ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. చెయ్యి చాపితే సెగ తెలిసే చోట స్పీకరును ఉంచవద్దు, గాలి వాలున నిప్పురవ్వలు పడే వైపు అసలే వద్దు.

ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. స్పీకరు ఒకే పక్కన ఉంటే దానికి 3 మీటర్ల దూరంలో ఉన్నవారికీ, 12 మీటర్ల దూరంలో ఉన్నవారికీ 12 డెసిబెళ్ల తేడా వస్తుంది. కాబట్టి రెండు స్పీకర్లను ఎదురెదురుగా, వలయానికి వెలుపల, ఛాతీ ఎత్తున ఉండే బల్లల మీద పెట్టండి. అయితే వేర్వేరు కంపెనీల స్పీకర్లు బ్లూటూత్‌లో ఒకే క్షణాన మోగవు, ఆ జాప్యం వల్ల ప్రతి దరువూ రెండుసార్లు వినిపిస్తుంది. రెండింటికీ తీగ గుచ్చే ఆక్స్ రంధ్రం ఉంటే, ఒక తీగను రెండుగా చీల్చే స్ప్లిటర్‌తో కలపండి, లేదంటే ఒక్క స్పీకరే వాడండి. ఆరాకాస్ట్ (ఒకే ఫోన్ నుంచి చాలా స్పీకర్లకు ఒకేసారి ధ్వనిని పంపే బ్లూటూత్ పద్ధతి) ఉన్న కొత్త ఫోన్లు, స్పీకర్లు అయితే కంపెనీలు వేరైనా కలిసి మోగగలవు. ఒక వైపు గొంతు, మరో వైపు వాద్యాలు వినిపించకుండా ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియోను ఎంచుకోండి.

అన్నింటికంటే ముఖ్యమైనది సమయం. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వగల సడలింపు కూడా అర్ధరాత్రి 12 వరకే, తెల్లవారుజాముకు వర్తించదు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. మీరు నాలుగున్నరకే మంట వేసేటట్లయితే 6 గంటల వరకు చప్పట్లతో గొబ్బి పాటలు పాడుకోండి. వాటిని పాడగల పెద్దవారు ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఇద్దరు ముగ్గురు ఉంటారు, ముందు రోజే వారిని అడిగి సాహిత్యాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టండి. 6 దాటాక స్పీకర్లను తక్కువ ధ్వనితో మొదలుపెట్టండి.