టిలాపియాతో పులుసు పెడితే ముక్క ఎందుకు ఇరుగుతది?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దిక్కు. అమెరికాకు చదువుకోవడానికొచ్చి రెండు నెలలైంది. నిన్న చేపల పులుసు పెడితే ముక్కలన్నీ ఇరిగి గంజి లెక్క అయింది. క్లాసులు, పని అయ్యేసరికి రాత్రి ఎనిమిదైతది. జల్దీ అయ్యేటట్టు ఒకటి చెప్పు.

జవాబు: తమ్ముడూ, మిర్యాలగూడ నుంచి వచ్చిన కొత్తల నేను కూడా గంజే వండిన. ఫోన్ల అమ్మ చెప్తుంటే ముక్కలేసి, పులుసు పోసి, అరగంట మరిగించిన. అమ్మ తప్పు చెప్పలే. ఆమె చెప్పింది సాగర్ బొచ్చెకు. దాని ముక్కకు తోలుంటది, నడుమ ముల్లుంటది, ఎంత మరిగినా గట్టిగ నిలబడుతది. ఇక్కడ ఫ్రీజర్ల దొరికే టిలాపియా ఫిల్లెట్‌కు ఆ రెండూ తీసేస్తరు. అందుకే వరుస తిరగెయ్యాలె. పులుసు పూర్తిగ అయినంకనే చేప.

పొద్దుగాల పోయేముందు నాలుగు ఫిల్లెట్లు ఫ్రీజర్ల నుంచి తీసి ఫ్రిజ్‌ల పెట్టు. గాలి తీసేసిన ప్యాకెట్ అయితే చింపి, గిన్నెల పెట్టి మూత పెట్టు. గాలాడని ప్యాకెట్ల కరిగితే బొటులిజం, అంటే తిండి విషమై నరాలు పడిపోయే జబ్బు, తెచ్చే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదముంటది. మరిచిపోతే జిప్ కవర్ల పెట్టి చల్లనీళ్లల్ల అరగంట ముంచు. వేడినీళ్లు వద్దు.

రాత్రి ముందుగాల ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టు. ఒక్కో ఫిల్లెట్‌ను రెండే ముక్కలు చెయ్యి, అంతకంటే చిన్నగ కొయ్యకు. గిన్నెల నూనె కొంచెం ఎక్కువనే పోసి, చిటికెడు మెంతులు, సన్నగ తరిగిన పెద్ద ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి బాగ ఎర్రగ వేయించు. ఓపిక పట్టాల్సింది ఈ ఒక్క కాడనే. తర్వాత కారం, ధనియాల పొడి, రెండు గ్లాసుల నీళ్లు, చింతపండు. డబ్బాల నల్లటి చింతపండు పేస్టు అయితే ఒక్క చెంచాతోనే మొదలుపెట్టు, మనింట్ల పిసికిన రసం కంటే అది చానా పులుపు. నూనె పైకి తేలేదాక పది నిమిషాలు మరగనియ్యి. ఎండుకొబ్బరి పొడి ఉంటే ఒక చెంచా.

ఇగ మంట తగ్గించి ముక్కలు మెల్లగ జారవిడిచి మూత పెట్టు. ఆరు నిమిషాలు చాలు. గంటె పెట్టకు, గిన్నె చెవులు రెండూ బట్టతో పట్టుకొని తిప్పు. ముక్క నడుమ కూడా తెల్లగయి, ఫోర్కు గుచ్చితే పొరలు విడిపోతే అయిపోయినట్టే. కరెంటు పొయ్యి అయితే ఆపినా వేడి పోదు, గిన్నె పక్కకు దించు. నా ముక్కలు రెండోసారి ఇరిగింది అక్కడనే.

టిలాపియా బోరు కొడితే క్యాట్‌ఫిష్ తెచ్చుకో, మన జెల్లలకు చుట్టమే, పులుసుల ఇంకా గట్టిగుంటది. సాల్మన్‌ను మాత్రం చింతపండుల ముంచకు. దాని నూనె, మన పులుపు నా నాలుకకు కలవవు. ఉప్పు, కారం, నిమ్మరసం రాసి 400 డిగ్రీల (ఫారన్‌హీట్) ఓవెన్‌ల పన్నెండు, పదిహేను నిమిషాలు పెడితే ఆ రోజు వంట అయిపోయినట్టే. ముల్లున్న ముక్కే కావాలంటే చైనీస్ దుకాణాలకు పో, నిండు చేపను అడ్డంగ కోసిస్తరు. కొర్రమట్ట ప్రాణంతో దొరుకుతదని మాత్రం ఆశ పెట్టుకోకు. ఇక్కడి నీళ్లల్ల పడితే మిగతా చేపలను మింగేస్తదని 2002 నుంచి దాన్ని ప్రాణంతో ఈ దేశానికి తెచ్చుడు బందు పెట్టిన్రు.

మిగిలిన పులుసు ఫ్రిజ్‌ల పెట్టు, తెల్లారి ముక్కకు పులుపు పట్టి ఇంకా మంచిగుంటది. డబ్బా కట్టుకొని పోతే డిపార్ట్‌మెంట్ మైక్రోవేవ్‌ల మాత్రం వేడి చెయ్యకు. నేనొకసారి చేసిన. ఆ వారమంతా నేను లోపలికి రాంగనే ఎవరో ఒకరు లేచి కిటికీ తెరిచేటోళ్లు.