ట్రయల్‌లో ఉన్న నాన్నకు కళ్లు తిరుగుతుంటే దాచొద్దు

ప్రశ్న: నాన్నగారికి 61 ఏళ్లు. చాలాకాలంగా షుగర్. రెండు నెలల క్రితం ఓ ఆసుపత్రిలో కొత్త షుగర్ మందును పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేరారు. పరగడుపున రెండు బస్సులు మారి వెళ్లాలి. సంతకం పెట్టిన కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఆటో చార్జీలు అడగొచ్చా? ఈ మధ్య తెల్లవారుజామున చెమటలు పట్టి కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. ట్రయల్ నుంచి తీసేస్తారేమోనన్న భయంతో నాన్నగారు ఈ సంగతి అక్కడి డాక్టర్లకు చెప్పలేదు. తిప్పతీగ కషాయం కూడా తాగుతున్నారు, అదీ వాళ్లకు చెప్పలేదు.
– ఒక పాఠకుడు, హయత్‌నగర్

జవాబు: చార్జీల సంగతి తర్వాత చూద్దాం. తెల్లవారుజామున చెమటలు, కళ్లు తిరగడం అంటే షుగర్ పడిపోతోందేమో అని ముందు అనుమానించాలి. అలా అనిపించగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గుండె, బీపీ కారణాలూ ఉండొచ్చు. రిపోర్టులు చూడకుండా ఇంతకంటే చెప్పలేను. మందు ఆపాలా, డోసు తగ్గించాలా అన్నది ట్రయల్ డాక్టరే తేల్చాలి, మీరు ఆపకండి.

కషాయం దాచడం మాత్రం పెద్ద పొరపాటు. తిప్పతీగ కూడా షుగర్ తగ్గించవచ్చు. కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు కోవిడ్ రోజుల్లో మన దేశంలోని వైద్యులే నివేదించారు. రేపు నాన్నగారి లివర్ పరీక్ష తేడాగా వస్తే తప్పు కొత్త మందుదో, కషాయానిదో ఎవరికీ తెలియదు. ‘ఆకులే కదా’ అనుకోవద్దు, దయచేసి.

తీసేస్తారన్న భయం ఆయనకు ఎందుకొచ్చిందో ఆలోచిస్తే బాధేస్తోంది. ఎవరూ కూర్చోబెట్టి ఆయన భాషలో చెప్పలేదు. క్లినికల్ ట్రయల్స్‌పై 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం (చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితం) పేషెంట్‌కు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక ప్రతి ఆయన చేతికివ్వాలి. ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఉన్నాయి. తెలుగు ప్రతి అడిగి తీసుకోండి. ప్రయాణ ఖర్చులూ నిస్సంకోచంగా అడగండి, అడగడం తప్పు కాదు. షుగర్ పేషెంట్‌ను పరగడుపున నగరం ఆ చివర నుంచి రప్పించే ముందు, ట్రయల్ ప్లాన్ వేసినప్పుడే నలుగురు పేషెంట్లను అడిగి ఉండాల్సింది. సరిగా స్పందించకపోతే, ట్రయల్‌లో పేషెంట్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీకి రాయండి. అందులో వైద్యులు కాని మామూలు మనిషి కూడా ఒకరుంటారు.

వచ్చే విజిట్ దాకా ఆగకండి. సమ్మతి పత్రంలో ట్రయల్ డాక్టర్ నంబర్ ఉంటుంది, ఈరోజే ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు కషాయం సీసా, రక్తపరీక్ష అయ్యాక తినడానికి టిఫిన్ డబ్బా వెంట పెట్టుకెళ్లండి.