కిరీటం ఉంటే ఇంగ్లండు తుపాకీయేనా?

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, ఎన్‌సీసీ క్యాడెట్‌ని. డ్రిల్‌కి ఇచ్చే పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ., 1943, ఆర్.ఎఫ్.ఐ. అని ఉన్నాయి. చెక్క మీద డి.పి. అని కొట్టారు. ఇది ఇంగ్లండులో తయారైందని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాదు బాబూ, మన దేశంలో చేసిందే. ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. కలకత్తాకు దగ్గర్లోనే ఉంది. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా ఉన్నన్నాళ్లూ నేను విప్పి బిగించినవి ఎక్కువగా అక్కడివే. చిత్తూరులో స్థిరపడ్డాక కూడా, కిరీటం కనబడగానే ఇంగ్లండు సరుకనే వాళ్లు తగులుతూనే ఉన్నారు. ఇషాపూర్ కార్మికుల పని ఇంకొకరి ఖాతాలో పడటం నాకు నిజంగా బాధ.

కిరీటం రాజుగారిది, ఫ్యాక్టరీది కాదు. జి.ఆర్.ఐ. అంటే జార్జ్ రెక్స్ ఇంపరేటర్, అంటే చక్రవర్తి కూడా అయిన జార్జ్ రాజు. ఇంగ్లండులో చేసిన వాటి మీద మామూలుగా జి.ఆర్. వరకే ఉంటుంది, ఆ కింద ఫ్యాక్టరీ పేరు, ఎన్‌ఫీల్డ్ అనో బి.ఎస్.ఏ. అనో వేస్తారు. ఆస్ట్రేలియాదైతే లిత్‌గో అని ఉంటుంది. మనం రిపబ్లిక్ అయ్యాక ఇషాపూర్‌లో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

ఆ ముద్రలోనే మోడల్‌ను తెలిపే రోమన్ అంకె మూడు, పక్కన నక్షత్రం గుర్తు ఉందేమో చూడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రైఫిళ్లు త్వరగా కావాల్సి వచ్చి, మ్యాగజైన్‌ను మూసే రేకులాంటి కొన్ని భాగాలు తీసేశారు. ఆ మార్పుకే నక్షత్రం.

బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం కనబడితే అది భారత ప్రభుత్వ ఆస్తి అని. తయారీ గుర్తు కాదు, ఇంగ్లండు రైఫిల్ మీద కూడా ఉండొచ్చు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఇంకో మాట. 1943 అనేది ఆ ముద్ర ఉన్న బాడీకే వర్తిస్తుంది. వర్క్‌షాపుల్లో బ్యారెల్, బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే, పిడి ఉన్న కడ్డీ), చెక్క ఎన్నిసార్లయినా మారుస్తారు. బోల్టు పిడి వెనక ఉన్న నంబరూ బాడీ నంబరూ ఒకటైనా ఆ రెండూ మొదట్నుంచీ జంట అని కచ్చితంగా చెప్పలేం, మార్చిన బోల్టు మీద బాడీ నంబరే మళ్లీ కొట్టి ఉండొచ్చు.

డి.పి. అంటే డ్రిల్‌కి మాత్రమే. అందులో తూటా పెట్టే ఆలోచనే రాకూడదు, ప్రాణాల మీదికొస్తుంది. అక్షరాలు మసకగా ఉంటే గరుకు కాగితంతో రుద్దకు, అరిగిపోతే మళ్లీ రావు. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే చాలు. బోల్టు తీసి చూడాలంటే మాత్రం మీకు శిక్షణ ఇచ్చే సైనికులను, అదే పీఐ స్టాఫ్‌ను అడుగు.