మేనకోడలికి: వీసీపీయూలు ఎడాపెడా పంచకు

అమ్మలూ,

హైదరాబాద్ ఉద్యోగం మానేసి విజయనగరంలోనే సొంతంగా సర్వర్ పెట్టి, ల్యాబులకీ నర్సింగ్ హోములకీ వీఎంలు (ఒకే సర్వర్‌లో విడివిడిగా నడిచే వర్చువల్ కంప్యూటర్లు) నడుపుతావట, నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇంత ధైర్యం ఎవరికీ లేదు, గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది, రాత్రి నిద్ర పట్టలేదు.

యూపీఎస్, బ్యాకప్, రెండో నెట్ లైను సంగతి నీకు చెప్పక్కర్లేదు, హుద్‌హుద్ చూసిన పిల్లవి. నా భయమంతా సీపీయూ దగ్గరే, అంటే ఒక్కో వీఎంకి ఇచ్చే వీసీపీయూల (వర్చువల్ సీపీయూల) లెక్క దగ్గరే.

నేను పనిచేసిన ఒక చోట ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉందని గోల పెడితే మా పెద్దాయన 2 వీసీపీయూల వీఎంకి 8 ఇచ్చేశాడు. అది చూసి పక్కవాళ్ళూ అడిగారు, వాళ్ళకీ 8. కింద అసలు కోర్లు మాత్రం అవే. అప్పటిదాకా నెమ్మదిగా నడిచేవి కాస్తా మధ్యమధ్యలో బిగుసుకుపోవడం మొదలుపెట్టాయి, గెస్టు (అంటే వీఎం లోపలి సిస్టమ్) కన్సోల్ నిండా సాఫ్ట్ లాకప్ మెసేజీలే. లినక్స్‌లో మామూలుగా 20 సెకన్లు వాచ్‌డాగ్ అనే కాపలా పనికి వంతు రాకపోతే వచ్చే మెసేజ్ అది. డేటాబేస్ క్లస్టర్‌లో (కలిసి పనిచేసే వీఎంల జట్టులో) ఒక నోడ్ బతికే ఉన్నా, ఆ సంగతి చెప్పే హార్ట్‌బీట్ సంకేతం సమయానికి పంపలేకపోయేది, రెండోది అది చచ్చిందనుకుని రీబూట్ చేసేసేది. అందరూ డిస్కుని తిట్టారు, ర్యామ్ మార్చారు. రిపోర్టుల కోసం రోగులు బయట బెంచీల మీద కూర్చుని ఉండేవారు, అది నాకు ఇప్పటికీ గుర్తే.

లినక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎంలో ప్రతి వీసీపీయూ హోస్టుకి (కింద ఉన్న అసలు సర్వర్‌కి) ఒక మామూలు త్రెడ్, అంటే కోర్ మీద వంతు కోసం చూసే ఒక పని, అంతే. దాన్ని పక్కన పెట్టే క్షణంలో లోపల అది స్పిన్‌లాక్ (ఒకటి పట్టుకుంటే మిగతావి తిరుగుతూ కాచుకునే తాళం) పట్టుకుని ఉందని హోస్టుకి తెలీదు. ఇంటి తాళంచెవి జేబులో పెట్టుకుని ఒకడు నిద్రపోతే మిగతా వాళ్ళంతా గుమ్మం దగ్గర నిలబడినట్టు, తక్కిన వీసీపీయూలు లాక్ కోసం తిరుగుతూ కోర్లని తినేస్తాయి. అలా ఊరికే తిరిగే వీసీపీయూని కనిపెట్టి ఆపే ఇంటెల్ పాజ్ లూప్ ఎగ్జిటింగ్ లాంటివి కొంత ఆదుకుంటాయి గానీ పూర్తిగా కాదు. 2023లో వచ్చిన లినక్స్ 6.6 నుంచి షెడ్యూలర్ (ఏ పనికి ఎప్పుడు కోర్ ఇవ్వాలో తేల్చేది) ఈఈవీడీఎఫ్ అనే కొత్త పద్ధతికి మారింది, నిజమే, కానీ లేని కోరుని ఏ షెడ్యూలరూ పుట్టించలేదు.

చివరికి అన్నిటికీ మళ్ళీ 2 చేశాక కుదుటపడింది.

"సీపీయూ 30 శాతమే కదా మావయ్యా" అని వాదిస్తావు, నాకు తెలుసు. వాదించకు! సగటు అంకె వెనక క్యూలో పడ్డ మిల్లీసెకన్లు కనబడవు. లినక్స్ గెస్టులో టాప్ కమాండ్ కొట్టి ఎస్‌టీ (st) అంకె చూడు, అదే స్టీల్ టైమ్, అంటే వీఎం సిద్ధంగా ఉన్నా కోర్ దొరక్క ఎదురుచూసిన సమయం. విండోస్ గెస్టులో అది కనబడదు, కాబట్టి హోస్టులో ప్రాక్ కింద ప్రెషర్‌లో సీపీయూ ఫైలు (/proc/pressure/cpu) చూడు, కోర్ కోసం పనులు ఎంతగా ఆగుతున్నాయో అందులో తెలుస్తుంది. కస్టమర్ 8 అడిగినా 2తో మొదలుపెట్టు, గొడవ పడితే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను. ఒకటి రెండు కోర్లు హోస్టుకే వదిలెయ్, నెట్‌వర్కూ డిస్కూ అక్కడే నడవాలి. సీపీయూ లిమిట్ పెట్టావంటే జాగ్రత్త తల్లీ, మామూలుగా 100 మిల్లీసెకన్ల పీరియడ్‌లో కోటా ముందే అయిపోతే మిగతా సమయమంతా గెస్టు ఆగిపోతుంది, డేటాబేస్ వీఎంకి అసలు పెట్టకు.

వేళకి తిను. మొదటి ల్యాబుని లైవ్ చేసే ముందు రద్దీ ఉండే ఉదయంపూట ఆ స్టీల్, ప్రెషర్ అంకెలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తాను.

మావయ్య,
శ్రీకాకుళం