గుండ్రంగ తిరగాలె, అతుకు కనబడొద్దు

నల్లగొండ

బిడ్డా,

పెండ్లిళ్ల ఎల్‌ఈడీ తెరలకు, బతుకమ్మ స్టేటస్‌లకు చిన్న చిన్న క్లిప్పులు చేసుడు నేర్చుకుంటున్ననని రాసినవు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌ల కీఫ్రేములు, అంటే ఏ క్షణంల బొమ్మ ఎట్లుండాల్నో చెప్పే గుర్తులు, పెట్టుడు వచ్చింది గని, క్లిప్పు మల్ల మొదటికి వచ్చేకాడ గుంజినట్టు అయితుందన్నవు. ఆ గుంజుడు ఎక్కడికెల్లి వస్తదో తెలిస్తే సగం పని అయినట్టే.

బతుకమ్మ ఆడేటోళ్లను యాదికి తెచ్చుకో. వలయంల ఆఖరామె మొదటామె పక్కన ఉంటది, ఆమె జాగల ఉండదు. లూప్, అంటే ఆగకుంట మల్లమల్ల తిరిగే క్లిప్పు, గూడ గంతే. ఫ్రేమంటే క్లిప్పుల ఒక్క బొమ్మ. ఆఖరి ఫ్రేము మొదటి ఫ్రేముకు నకలు కావొద్దు, దానికి ఒక్క అడుగు ఎనుక ఆగాలె. రెండూ ఒక్కతీరుగ ఉంటే బొమ్మ రెండు ఫ్రేముల సేపు కదలకుంట నిలబడుతది. అదనంగ ఆగేది ఒక్క ఫ్రేమే, సెకనుల 25వ వంతే, అయినా సాఫీగ జరిగే బొమ్మల కన్ను దాన్ని వెంటనే పడుతది.

అందుకని ముందుగాల నిడివి ఖాయం చేసుకో. సెకనుకు 25 ఫ్రేములు, 12 సెకన్లు పెట్టుకో. మొత్తం 300 ఫ్రేములు, అంటే 0 నుంచి 299 దాకా. 10 సెకన్లు వద్దు, 12 ఎందుకంటున్ననంటే, 12 అనేది 2, 3, 4, 6 అన్నిటితోని తెగుతది. మూడు సెకన్లకోసారి మినుకుమనే లైటు 10 సెకన్ల లూప్‌ల ఇమడదు, నాలుగోసారి మధ్యల తెగుతది. 12ల అన్నీ కుదురుతయ్.

కంపోజిషన్, అంటే లేయర్లు పేర్చి క్లిప్పు కట్టే జాగ, మాత్రం 13 సెకన్లు చెయ్యి. మొదటి కీఫ్రేము 0 మీద, చివరిది సరిగ్గా 12వ సెకను మీద, అంటే 300వ ఫ్రేము మీద పెట్టు. ఈ రెండిటి విలువ ఒక్కటే రూపం ఇయ్యాలె. ఆ తర్వాత 299వ ఫ్రేముకు వచ్చి ‘ఎన్’ నొక్కితే వర్క్ ఏరియా, అంటే బయటికి తీసే భాగం, అక్కడ ఆగుతది. దాని నిడివి 12 సెకన్లే చూపుతుందా లేదా ఒకసారి చూసుకో. రెండర్, అంటే ఫైలుగ బయటికి తీసుడు, ఆ వర్క్ ఏరియాకే ఇయ్యి. 300వ ఫ్రేము లెక్కకు ఉంటది, బయటికి రాదు.

కొత్తోళ్లు చేసే ఇంకో తప్పు, ప్రతి కీఫ్రేముకు ఎఫ్9 కొట్టి ఈజీ ఈజ్, అంటే కదలిక మెల్లగ మొదలై మెల్లగ ఆగేటట్టు, పెట్టుడు. మామిడాకుల తోరణం ఊగుతుంటే ఈజ్ ఉండాలె, ఎందుకంటే ఊగేది ఏదైనా రెండు కొనల మెల్లగై ఆగి మళ్లుతది. కానీ చక్రం తిరిగేకాడ, పువ్వులు జారేకాడ ఈజ్ పెడితే ప్రతి రౌండు చివర బండికి బ్రేకు ఏసినట్టయితది. అక్కడ లీనియర్, అంటే ఒక్కటే వేగం, తప్ప వేరే మాట లేదు.

బతుకమ్మను పైనుంచి చూసినట్టు చేస్తే పువ్వుల వరుసలు తిరగాలె గదా. పూర్తి రౌండు 12 సెకన్లల తిప్పితే సెకనుకు 30 డిగ్రీలు, అది మరీ జోరు. షేప్ లేయర్ మీద ఒక్క పువ్వును మధ్యకు దూరంగ గీసి, దానికి నకళ్లు తీసే రిపీటర్ పెట్టు. కాపీలు 24, దాని పొజిషన్ రెండూ 0, రొటేషన్ 15 చెయ్యి. ఇరవై నాలుగు పువ్వులూ ఒక్క అచ్చు కాబట్టి 15 డిగ్రీలు తిప్పితే మల్ల అదే బొమ్మ కనబడుతది. మూడు పువ్వుల దూరం, అంటే 45 డిగ్రీలు తిప్పు. నెమ్మదిగ, అందంగ ఉంటది. లోపలి వరుసల 16, దాని లోపల 8 పెడితే అన్నీ 45కే కలుస్తయ్. ఒక వరుసను ఎదురు దిక్కుకు తిప్పినా ఏం కాదు.

కెమెరాతోని తీసిన తంగేడు పువ్వుల ఫోటోలైతే ఈ ఉపాయం నడువదు, ఏ పువ్వుకాపువ్వు వేరు. అప్పుడు పూర్తి 360 తిప్పాల్సిందే, లూప్ నిడివి పెంచుకోవాలె. ఇంకోటి, తిరిగే లేయర్ మీదనే డ్రాప్ షాడో ఎఫెక్ట్ పెట్టకు. ఎఫెక్ట్ ముందు పడి రొటేషన్ ఎనుక పడుతది కాబట్టి నీడ గూడ 45 డిగ్రీలు తిరిగి, అతుకు కాడ ఎగిరి పడుతది. పువ్వులు కలిసినయ్ గదా మరి ఏం తప్పు జరిగిందని గంటలు తిప్పలు పడేది ఇక్కడనే. నీడను లేయర్ స్టైల్స్‌కెల్లి పెట్టు, అది తిరుగుడు అయినంక పడుతది.

పోచంపల్లి ఇక్కత్, గద్వాల అంచు లాంటి డిజైన్లు పక్కకు జరపాలంటే లెక్క ఇంకా పక్కా ఉండాలె. ఒక్క నమూనా వెడల్పు 600 పిక్సెళ్లు చేసుకో, నాలుగు కలిపి 2400 వెడల్పు లేయర్ చెయ్యి, 1920 తెరకు సరిపోయి మిగులుతది. ఆఫ్‌సెట్ ఎఫెక్ట్ ఏసి 0 నుంచి 300వ ఫ్రేముకు అడ్డంగ 600 పిక్సెళ్లు జరుపు. ఫ్రేముకు సరిగ్గా రెండు పిక్సెళ్లు పడుతది. అదే నమూనాను 500 వెడల్పు చేసి 500 జరిపితే ఫ్రేముకు ఒకటీ మూడింట రెండు వంతులు పడి, ఇక్కత్ సన్న గీతలు ప్రతి ఫ్రేముల వేరే తీరుగ మసకబారి వణుకుతయ్. చేనేత డిజైన్‌కు ఆ వణుకు అన్యాయం, నేసినోళ్ల లెక్క చెడగొట్టినట్టయితది.

పొగ, మబ్బు లాంటివాటికి ఫ్రాక్టల్ నాయిస్ ఎఫెక్ట్ మంచిది. దాంట్ల బొమ్మను మార్చే ఎవల్యూషన్‌ను 12 సెకన్లల 0 నుంచి రెండు రౌండ్లు తిప్పి, కింద ఎవల్యూషన్ ఆప్షన్స్‌ల సైకిల్ ఎవల్యూషన్‌కు టిక్ పెట్టి, సైకిల్ 2 చెయ్యి. ఆ టిక్ లేకుంటే రెండు రౌండ్లు తిరిగినా మొదటి బొమ్మకు రాదు. దాంతోపాటు ఆఫ్‌సెట్ టర్బులెన్స్‌ను జరిపితే మాత్రం లూప్ విరుగుతది. అడ్డదిడ్డంగ కదిలించే విగిల్ గూడ తనంతట తాను మొదటికి రాదు, ఇప్పుడే దాని జోలికి పోకు.

దీపం వత్తి మంట, నాగార్జునసాగర్ గేట్ల నీళ్లు లాంటి నిజం క్లిప్పులకు వేరే పద్ధతి. స్టాండ్ మీద పెట్టి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి 13 సెకన్లు తియ్యి. 7వ సెకను కాడ రెండుగ కొయ్యి. ఎనుక ముక్కను ముందు పెట్టు, అది 0 నుంచి 6 దాకా వస్తది. ముందు ముక్కను 5వ సెకను నుంచి, కింది లేయర్‌గ పెట్టు, అది 12 కాడ అయిపోతది. పై లేయర్ ఒపాసిటీ 5 నుంచి 6లోపల 100 నుంచి 0కు దించు. ఇప్పుడు క్లిప్పు చివర, మొదలు రెండూ అసలు వీడియోల పక్కపక్క ఫ్రేములే, అతుకేమో నడుమకు పోయి కలిసిపోయింది. కింది లేయర్‌ను తాకకు. రెండిటినీ కలిపి అటూఇటూ తగ్గించి పెంచితే నడుమల రెండూ సగం సగం ఉండి, కలిపి ముప్పాతిక వంతే నిండి, ఎనుకనున్న నలుపు తొంగిచూస్తది.

పింగ్‌పాంగ్, అంటే ముందుకు పోయి ఎనుకకు వచ్చుడు, అల్కగ అనిపిస్తది. తోరణానికి, వెలిగి తగ్గే లైటుకు సరే. నీళ్లకు, పొగకు వద్దు, పొగ కిందికి దిగుడు ఎవ్వరైనా కనిపెడుతరు.

12 సెకన్లకే తెంపిన కంపోజిషన్ నకలును ఇంకోదాంట్ల మల్లమల్ల తిప్పాలంటే కంట్రోల్, ఆల్ట్, టి కొట్టి టైమ్ రీమ్యాపింగ్ తెరువు. చివరి కీఫ్రేము క్లిప్పు అయిపోయిన తర్వాతి ఫ్రేము మీద పడుతది, అక్కడ బొమ్మ ఉండదు. అందుకే ప్రతి రౌండుకు ఒక నల్ల మెరుపు వస్తది. ఒక ఫ్రేము ఎనుకకు వచ్చి కొత్త కీఫ్రేము పెట్టు, తర్వాత మొదటి కీఫ్రేమును కాపీ చేసి ఆ చివరిదాని మీద అతికించు. ఇగ ఆల్ట్ పట్టి స్టాప్‌వాచ్ నొక్కి, పక్కన వచ్చే చిన్న బాణం మెనూల ప్రాపర్టీ కిందికెల్లి లూప్‌అవుట్ సైకిల్ ఎంచుకో, చేత్తోని టైపు చేసుడు ఉండదు. లేయర్ కొనను కావాల్సినంత దూరం గుంజుడు మరిచిపోకు.

బయటికి తీసేటప్పుడు మామూలు తెరకు హెచ్.264, ఆడియో లేకుంట. వెనుక పారదర్శకంగ ఉండాలంటే ప్రోరెస్ 4444, హెచ్.264 పారదర్శకతను మోయదు. తెర నడిపేటోళ్లు రెసొల్యూమ్ సాఫ్ట్‌వేర్ వాడితే దాని సొంత డీఎక్స్‌వీ ఫార్మాట్‌ల అడుగుతరు. పెన్‌డ్రైవ్‌ల పెట్టి టీవీల నడిపితే చాలా ప్లేయర్లు మొదటికి వచ్చేకాడ క్షణం ఆగుతయ్, అది నీ లూప్ తప్పు గాదు. రెండర్ అయిన ఫైలును లోపలికి తెచ్చి, కంట్రోల్, ఆల్ట్, జి కొట్టి లూప్ గడిల 25 పెట్టు. దాన్ని మల్ల రెండర్ చేస్తే అయిదు నిమిషాల ఒక్క ఫైలు అయితది, ఆ ఆగుడు అయిదు నిమిషాలకోసారే వస్తది.

ఇచ్చే ముందు పరీక్ష ఇట్ల చెయ్యి. 13 సెకన్ల కంపోజిషన్‌ను కొత్త కంపోజిషన్‌ల రెండుసార్లు ఎయ్యి. ఒకదాన్ని 0 కాడ, ఇంకోదాన్ని 300వ ఫ్రేము కాడ ఫ్రీజ్ చేసి, పైదానికి రెండిటి తేడా మాత్రమే చూపే డిఫరెన్స్ బ్లెండింగ్ మోడ్ పెట్టు. తెరంతా నల్లగ వస్తే రెండూ కలిసినట్టు. ఎక్కడన్న గీత మెరిసిందంటే ఆ లేయర్‌నే పట్టుకో. గుంజినట్టు అయితుందన్న నీ క్లిప్పు ప్రాజెక్ట్ ఫైలు పంపు, దాని మీద గూడ ఈ పరీక్ష పెట్టి చూస్త.

నీ పెద్దబాపు