కాలేజీ కెమిస్ట్రీ: బైపీసీ వాళ్లకి ఎక్కడ తేడా కొడుతుంది

సందేహం: అక్కా, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి ఏడాది దాటింది. ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత బీకాం చేశాను. ఇక్కడ డెంటల్ హైజీన్ (పళ్లు శుభ్రం చేయడం, చిగుళ్ల సంరక్షణ) చదవాలని ఉంది. ముందు కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ పూర్తి చేయమంటున్నారు. ఎప్పుడో వదిలేసిన సబ్జెక్టు, ఇప్పుడు చేయగలనా?

చేయగలవు. మోల్, వేలెన్సీ, పీరియాడిక్ టేబుల్ లాంటివి ఒకసారి బుర్రకెక్కితే పూర్తిగా పోవు, కాస్త కూర్చుంటే తిరిగొస్తాయి. మనవాళ్లు ఈ కోర్సులో దెబ్బతినేది కెమిస్ట్రీ రాక కాదు. లెక్క చేసి చూపించే పద్ధతి దగ్గర, ల్యాబ్ దగ్గర. ఎక్కువగా వాటి గురించే చెప్తాను, ముందు కాగితాల సంగతి తేల్చేద్దాం.

చదువుకోడానికి హెచ్-4 నుంచి ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు. ఒక్క కోర్సు తీసుకున్నా సరే, ఇన్ని క్రెడిట్లు ఉండాల్సిందే అనే రూలు నీకు లేదు. ఉద్యోగం మాట వేరు, దానికి ఈఏడీ, అంటే పని చేసేందుకు అనుమతి కార్డు కావాలి. అది మీ ఆయన గ్రీన్ కార్డు ఫైలును బట్టి ఉంటుంది, కాబట్టి ఆ ఫైలు ఎక్కడుందో చూసుకుని గానీ రెండు మూడేళ్ల ప్లాను వేసుకోకు. ఫాఫ్సా అనే దరఖాస్తు మీద చదువుకి వచ్చే ఫెడరల్ సాయం మనకి రాదు. ఇక ఫీజంటావా, ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీ ఫీజు నువ్వు ఆ కాలేజీ డిస్ట్రిక్టులో ఉన్నావా, బయట ఉన్నావా అన్నదాన్ని బట్టి మారుతుంది. అపార్ట్‌మెంట్ లీజు పట్టుకెళ్లి అడ్మిషన్స్ ఆఫీసులో అడుగు, వాట్సాప్ గ్రూపులో కాదు.

కోర్సు నంబరు దగ్గర జాగ్రత్త. టెక్సాస్ అంతటా ఒకటే నంబర్ల పద్ధతి ఉంది. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో చెబుతుంది (1 అంటే ఫస్టియర్), రెండోది ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. కెమ్ 1405, 1406 అంటే ఇంట్రడక్టరీ కెమిస్ట్రీ. కెమ్ 1411 జనరల్ కెమిస్ట్రీ, అంటే ఇంజినీరింగ్, ఫార్మసీ, మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లది. నీకు 1405 సరిపోతుందా, 1406 కావాలా అన్నది నువ్వు చేరబోయే హైజీన్ ప్రోగ్రాం పేజీలో రాసి ఉంటుంది. అది చూడకుండా "పెద్దదే తీసుకుందాం, పనికొస్తుంది" అని 1411లో చేరితే ఊరికే కష్టపడతావు. రేపు ఫార్మసీకి మనసు మారితే మాత్రం 1405 పనికిరాదు, 1411, 1412 మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకో మాట, హెల్త్ ప్రోగ్రాములు కొన్ని ఐదేళ్లు దాటిన సైన్సు కోర్సుల్ని లెక్కలోకి తీసుకోవు. ఇప్పుడు చేసేసి, పిల్లలు పెద్దయ్యాక హైజీన్ సంగతి చూద్దామనుకుంటే కుదరకపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎంసెట్ కోసం మనం నేర్చుకున్నది వేగం. నాలుగు ఆప్షన్లలో మూడింటిని కొట్టేసి నాలుగోది టిక్ పెట్టడం. ఇక్కడ క్యాలిక్యులేటర్ చేతిలో పెడతారు, పీరియాడిక్ టేబుల్ కూడా ఇస్తారు. ఇచ్చి, ప్రతి మెట్టూ యూనిట్లతో సహా రాయమంటారు. 5.00 గ్రాముల సోడియం క్లోరైడ్ 250.0 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉంటే మోలారిటీ (లీటరుకి ఎన్ని మోల్స్) ఎంత అంటే, నోటిలెక్కతో 0.34 అని రాసి ఊరుకుంటే సగం మార్కులు కూడా రావు. 5.00 గ్రాముల్ని 58.44తో భాగించి 0.0856 మోల్స్, దాన్ని 0.2500 లీటర్లతో భాగించి 0.342 అని, గ్రాములు ఎక్కడ కొట్టుకుపోయాయో, లీటర్లు ఎక్కడ మిగిలాయో కనపడేలా రాయాలి. చివర్లో మూడంకెలే ఎందుకు వచ్చాయో కూడా తెలియాలి. సిగ్నిఫికెంట్ ఫిగర్స్, అంటే కొలత ఎంత కచ్చితమో చెప్పే అంకెలు, మనం ఇంటర్లో ఒక పేజీ చదివి వదిలేశాం. ఇక్కడ సెమిస్టరంతా వెంటాడుతుంది.

రెండోది నార్మాలిటీ, అంటే లీటరుకి ఎన్ని ఈక్వివలెంట్లు అన్న లెక్క. టైట్రేషన్ అనగానే మన చెయ్యి వీ1 ఎన్1 ఈక్వల్స్ వీ2 ఎన్2 రాసేస్తుంది. ఇక్కడ ఈ స్థాయిలో నార్మాలిటీ దాదాపు వాడరు, అంతా మోలారిటీయే. పాత సూత్రంలో ఎన్ తీసేసి ఎం పెడితే ఏమవుతుందో చూడు. 25.00 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి 0.1000 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 23.40 మిల్లీలీటర్లు పట్టిందనుకో. నేరుగా కొట్టేస్తే 0.09360 వస్తుంది. అసలు జవాబు 0.04680, ఎందుకంటే ఒక యాసిడ్‌కి రెండు బేస్‌లు కావాలి. ముందు ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసి, మోల్స్ నిష్పత్తి తీసి, తర్వాత లెక్కలోకి దిగడం అలవాటు చేసుకో.

ల్యాబ్‌లో ఇంకా తేడా. ఊళ్లో ప్రాక్టికల్స్‌లో ఏ సాల్ట్ వస్తుందో సీనియర్లు చెప్పేవాళ్లు, జవాబు ముందే తెలుసుకుని దానికి సరిపోయేలా రీడింగులు రాసేవాళ్లూ ఉండేవాళ్లు. ఇక్కడ ఎవరి అన్‌నోన్ (ఏంటో కనిపెట్టాల్సిన నమూనా) వాళ్లది, దాని మీద ఒక నంబరు ఉంటుంది. బ్యూరెట్ మీద గీతలు 0.1 మిల్లీలీటర్ దాకానే ఉంటాయి, రెండు గీతల మధ్య కంటితో అంచనా వేసి రెండో దశాంశం కూడా రాయాలి. 23.4 అని రాస్తే మార్కు పోతుంది, 23.40 అని రాయాలి. నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాయాలి, తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన సరైంది రాయాలి, వైట్నర్ పూయకూడదు. ఫలితం చెడిపోతే చెడిపోయిందనే రాయి. ఎర్రర్ ఎందుకొచ్చిందో నాలుగు వాక్యాలు తెలివిగా రాస్తే చాలావరకు మార్కులు నిలబడతాయి. రీడింగు మార్చావని తేలితే కోర్సు మొత్తానికే ఎఫ్ రావచ్చు.

పార్ట్‌నర్‌తో కలిసి ప్రయోగం చేస్తారు, డేటా ఇద్దరిదీ ఒకటే, రిపోర్టు మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి. మన గ్రూపుల్లో పోయిన సెమిస్టర్ రిపోర్టులు పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. తెరవకు. చాలా కాలేజీలు రిపోర్టుల్ని పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తాయి. నీకు గ్రేడు పోతుంది. ఇదే ఎఫ్-1 మీద ఉన్న పిల్లలైతే, సస్పెండ్ చేశారంటే స్టేటస్‌కే ఎసరు.

చున్నీ, వదులుగా వేలాడే చేతులున్న బట్టలు, చెప్పులు ల్యాబ్‌కి వద్దు. మూసిన బూట్లు వేసుకో, జడ ముడి పెట్టుకో, గాగుల్స్ మీద జెడ్87 అనే భద్రతా ప్రమాణం గుర్తు ఉండాలి. పుస్తకం విషయంలో, మీ ప్రొఫెసర్ ఏది చెబితే అది కొనాల్సిందే గానీ, క్లాసులు మొదలయ్యేలోపు చదువుకోడానికి హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ కెమిస్ట్రీ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి నాలుగు చాప్టర్లు చాలు.

అర్థం కానిది ఉంటే ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్ సందేహాలు తీర్చే టైముకి వెళ్లు. ఆ టైము నీలాంటి వాళ్ల కోసమే పెట్టింది, వెళ్తే చిన్నతనమేమీ కాదు. ట్యూటరింగ్ సెంటర్ కూడా ఉంటుంది, అదనంగా డబ్బులు కట్టక్కర్లేదు.

కుదరడం లేదనిపిస్తే క్లాసులు మొదలైన పన్నెండో రోజు లోపు తేల్చుకో. పదహారు వారాల సెమిస్టర్లో అప్పటిదాకా డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడదు, తర్వాత చేస్తే డబ్ల్యూ (మధ్యలో మానేసిన గుర్తు) పడుతుంది. టెక్సాస్‌లో 2007 ఫాల్ నుంచి కాలేజీలో కొత్తగా చేరినవాళ్లకి మొత్తం చదువులో ఆరు డ్రాపులే అని చట్టం ఉంది, అది కూడా మనసులో పెట్టుకో.

సాయంత్రం ల్యాబ్ సెక్షన్లు ముందే నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే సీటు పట్టు. ఇండియా టికెట్లు డిసెంబరు మొదటి వారానికి చవగ్గా కనిపిస్తాయి. సిలబస్ చేతికొచ్చి, ఫైనల్ తేదీ చూసుకునేదాకా మీ ఆయన్ని బుక్ చేయనీకు. ల్యాబ్ మిస్సయితే మళ్లీ పెట్టేవాళ్లు చాలా తక్కువ.