ఫోను నంబరు చెప్పకపోతే బిల్లు వేయరా?

సూపర్ మార్కెట్‌లో నంబరు చెప్పందే బిల్లు వేయం అంటున్నారు, ఇవ్వాల్సిందేనా, దానితో ఏం చేస్తారు అని అడిగారు. అక్కర్లేదండీ. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సూపర్ మార్కెట్‌లో రెండేళ్లు బిల్లులు కొట్టినవాణ్ణి, ఆ ధైర్యంతో చెబుతున్నాను.

మా కంప్యూటర్‌లో పది అంకెలు కొడితేగాని బిల్లు కదిలేది కాదు. ఎవరైనా ఇవ్వనంటే మా సొంత నంబరే కొట్టేసేవాళ్లం. ఆ లెక్కన నేను నెలకు అరవై సబ్బులు అరగదీసే మనిషిని! రాత్రి కొట్టు కట్టేముందు అమ్మకాల లెక్కతో పాటు ఎన్ని నంబర్లు రాబట్టామో కూడా చెప్పాలి. ఇంటికి పోయాక మీరు పారేసే బిల్లులన్నిటినీ ఒక్క దండగా గుచ్చే దారం ఆ నంబరే. జీతం పడగానే సరుకులు కొనేదెవరో, డబ్బాపాలు ఎవరింటికి వెళుతున్నాయో, నెలన్నరగా ఎవరు రావడం మానేశారో తెలిసిపోతుంది. రానివారికి యాభై రూపాయల కూపన్ వెళ్లేది.

ఒకరోజు రిటైరైన మాస్టారొకరు సంచి కింద పెట్టి, ఫోను నా ముందుకు జరిపారు. చక్కెర లేని బిస్కట్లపై తగ్గింపు అని మెసేజ్. "నాకు షుగరని మీకెవరు చెప్పారు బాబూ?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. మూడు నెలలుగా ఆయన బిల్లుల్లో పంచదార, బెల్లం పోయి రాగిపిండి, కొర్రలు చేరాయి. ఇంట్లో కోడలికి కూడా ఇంకా చెప్పలేదట. నేను చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను. మా వీధి కిరాణా కొట్టు ఆయనకూ ఇవన్నీ తెలిసేవి, కానీ ఆయన పద్దుల పుస్తకం గల్లాపెట్టె దాటి పోయేది కాదు.

నంబరు ఇవ్వలేదని సరుకు అమ్మకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతేనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో వ్యాపార సంఘాలకు చెప్పింది. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. మా కౌంటర్‌లో "ఫిర్యాదు చేస్తాను" అన్నవారికి నంబరు లేకుండానే బిల్లు వచ్చేసేది, ఎలాగో మీకు తెలుసు. ఫ్రిజ్జు, మిక్సీ లాంటివైతే వారంటీకి పనికొస్తుంది, ఇవ్వండి. మా ఊరి సిరిమాను పండగ ముందు బట్టల కొట్లలో లక్కీ డ్రా చీటీలిస్తారే, వాటిలో పుట్టినరోజు, పెళ్లిరోజు మాత్రం నింపకండి.

ఆ ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది. సబ్బుల మీద తగ్గింపు మెసేజ్‌లు నాకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.